వాషింగ్టన్ కౌంటీలు 31... మరి మన నిజాం ఎవరు?



నేను ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెప్తాను. వారానికి ఒక జీకే పీరియడ్ కూడా నాదే. ఈ టర్మ్‌లో జరిగిన ఒక చిన్న సంగతి మీతో పంచుకోవాలి. అందులో తప్పు నాది కాబట్టి ముందుగానే ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు జీకే పీరియడ్‌లో "అమెరికాలో ఎక్కువ కౌంటీలకు ఏ అధ్యక్షుడి పేరు ఉంది?" అని అడిగాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. నా ప్రశ్న పూర్తి కాకముందే సగం చేతులు లేచాయి. "జార్జ్ వాషింగ్టన్, మేడం! థర్టీ వన్!" జవాబు కరెక్టే. ముప్ఫై కౌంటీలు, లూసియానా రాష్ట్రంలో కౌంటీకి బదులు పారిష్ అంటారు కాబట్టి అక్కడ ఒకటి. మొత్తం 31.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక బాబు లేచి అడిగాడు. "మేడం, మరి మన నిజామాబాద్‌లో ఉన్నది ఏ నిజాం?"

నాకు వెంటనే జవాబు తట్టలేదు. బీఈడీ చేశాను, ఈ జిల్లాలోనే పెరిగాను, అయినా తట్టలేదు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు ఆ బాబు నా క్లాసులో చెయ్యి ఎత్తలేదు. నన్ను బాధపెట్టింది అదే.

ఆ మూడు వారాల్లో నేను చదువుకున్నాను. ముందు అమెరికా లెక్కనే మళ్ళీ చూశాను. 31 అన్న అంకె వెనక ఇంత కథ ఉందని మా జీకే పుస్తకంలో ఎక్కడా లేదు.

వాషింగ్టన్ అధ్యక్షుడైంది 1789లో. కానీ ఆయన పేరుతో మొదటి కౌంటీ 1776లోనే మేరీల్యాండ్‌లో ఏర్పడింది. అప్పటికి ఆయన బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం చేస్తున్న సేనాని మాత్రమే. అంటే "అధ్యక్షుడి పేరు పెట్టారు" అని మనం పిల్లలకు నేర్పే మాట ఆ మొదటి కౌంటీ విషయంలోనే తప్పు.

లింకన్ కౌంటీల సంగతి ఇంకా తమాషా. నార్త్ కరోలినాలో లింకన్ కౌంటీ 1779లో ఏర్పడింది. అబ్రహాం లింకన్ పుట్టింది 1809లో! ఆ కౌంటీకి ఉన్నది బెంజమిన్ లింకన్ అనే మరో సేనాని పేరు. టెక్సస్‌లోని కెనెడీ కౌంటీ కూడా అంతే. అది అధ్యక్షుడు జాన్ కెన్నెడీ పేరు కాదు, మిఫ్లిన్ కెనెడీ అనే పశువుల పెంపకందారుడి పేరు. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడడం వచ్చిన ఆరో తరగతి పిల్లవాడు ఇలాంటి తప్పును ఇట్టే పట్టేస్తాడు. చూడమని మనం చెప్పాలంతే.

ఇంకో ప్రశ్న ఉంది. వాషింగ్టన్‌కు 31, జెఫర్సన్‌కు 26 ఉంటే, రెండో ప్రపంచ యుద్ధాన్ని నడిపిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఒక్కటీ ఎందుకు లేదు? రూజ్‌వెల్ట్ పేరుతో ఉన్న రెండు కౌంటీలూ అంతకుముందు అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్‌వి. ఆయన గొప్ప, ఈయన తక్కువ అని కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా పడమటికి విస్తరిస్తూ కొత్త కౌంటీలు గీసుకుంటూ పోయింది. గీసిన ప్రతిదానికీ ఒక పేరు కావాలి. జనం పడమటికి వలస పోతూ తమ వెంట తెలిసిన పేర్లే తీసుకుపోయారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మ్యాప్ నిండిపోయింది, పేర్ల అవసరం తీరిపోయింది. అధ్యక్షుడి పేరుతో చివరిగా ఏర్పడినది న్యూ మెక్సికోలోని హార్డింగ్ కౌంటీ, 1921లో. కాబట్టి ఆ అంకెలు ఎవరు ఎంత గొప్పవారో చెప్పవు. ఏ కాలంలో మ్యాప్ గీశారో చెప్తాయి.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది కింగ్ కౌంటీ. మీ బంధువుల పిల్లలు ఎవరైనా సియాటెల్‌లోనో, మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్మండ్‌లోనో పనిచేస్తుంటే వాళ్ళు ఉండేది ఆ కౌంటీలోనే. 1852లో దానికి విలియం రూఫస్ కింగ్ పేరు పెట్టారు. ఆయన అప్పుడే ఉపాధ్యక్షుడిగా ఎన్నికైనవాడు, బానిసలతో తోటలు సాగుచేయించిన భూస్వామి. 1986లో కౌంటీ కౌన్సిల్ కూర్చుని, ఇకనుంచి ఇది మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరు అని తీర్మానించింది. 2005లో రాష్ట్రం దాన్ని చట్టం చేసింది. పేరులో ఒక్క అక్షరం మారలేదు, మనిషి మారాడు. ఊరి పేరు ఎవరో ఒకరు, ఏదో ఒక రోజు, ఏదో ఒక కారణంతో పెట్టేదే అని పిల్లలకు అర్థం కావడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఇక ఆ బాబు ప్రశ్న. నిజాం అనేది ఒక మనిషి పేరు కాదు, హైదరాబాద్‌ను ఏలిన అసఫ్ జాహీ పాలకుల బిరుదు. మన నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అది నిజామాబాద్ అయింది. అప్పుడు పాలిస్తున్నది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన సొంత పేరు మీద 1890లోనే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఇక మన పొలాలకు నీళ్ళిచ్చే నిజాంసాగర్‌లో ఉన్న నిజాం వేరు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. మంజీర మీద ఆ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ప్రాజెక్టుకు పాలకుడి పేరు ఉంది. ఇంజనీరు పుట్టినరోజైన జూలై 11ను మాత్రం ఇప్పుడు తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అమెరికాలో అధ్యక్షులైతే, మన దగ్గర జిల్లాల పేర్లలో రాజులు, దేవుళ్ళు, ఉద్యమకారులు అందరూ ఉన్నారు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది, అది ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రిగా చేసిన కె.వి. రంగారెడ్డి పేరు. ప్రకాశం జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు వచ్చింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయినప్పుడు కొమరం భీం ఆసిఫాబాద్ ఏర్పడింది. ఆ పేరును నెమ్మదిగా చదవండి. నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన గోండు వీరుడి పేరూ, అసఫ్ జాహీలను గుర్తుచేసే పేరూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. జయశంకర్ భూపాలపల్లి అని రాసేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది. ప్రొఫెసర్ జయశంకర్ మా వృత్తివారే కదా!

అదే రోజు మన బాన్సువాడ నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లాకు మారింది. అంతకుముందు పుట్టిన మన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, స్కూల్ బోనఫైడ్ మీద ఇంకో జిల్లా ఉంటాయి. దోమకొండ సంస్థానాన్ని ఏలిన వంశంలోని కామారెడ్డి పేరు మీద ఆ ఊరు వెలిసిందని మన పెద్దలు చెప్పుకుంటారు. ఇది మీ ఇంట్లోనే ఉన్న చరిత్ర. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.

నాలుగో వారం ఆ బాబును అందరి ముందూ లేపి, "నువ్వు అడిగింది మంచి ప్రశ్న, నాకు తెలియక కూర్చోమన్నాను" అని చెప్పాను. తర్వాత క్లాసు మొత్తానికి ఒక పని ఇచ్చాను. మీ ఊరికి గానీ, మీ వీధికి గానీ ఆ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రండి అన్నాను.

వాళ్ళు తెచ్చినవి చూస్తే మీరూ ఆశ్చర్యపోతారు. వర్ని వైపు నుంచి వచ్చే ఒక పాప తమ ఊరిని 'క్యాంపు' అని ఎందుకు అంటారో రాసింది. నిజాంసాగర్ నీళ్ళు పారాక గోదావరి జిల్లా నుంచి వాళ్ళ పెద్దలు వచ్చి ఇక్కడ భూములు సాగుచేశారట. అమెరికాలో పడమటికి పోయినవాళ్ళ కథ ఆ పాపకు వెంటనే అర్థమైంది. ఇంకో బాబు వాళ్ళ నానమ్మ, తన అమ్మ పుట్టిన ఊరు నిజాంసాగర్ నీళ్ళ కింద ఉందని చెప్పిందట. ఆ ఊరి పేరు వాడు బోర్డు మీద రాస్తుంటే క్లాసంతా నిశ్శబ్దంగా ఉంది. బాన్సువాడ పేరు గురించి ముగ్గురు పిల్లలు మూడు కథలు తెచ్చారు. ఒక్కటీ కొట్టెయ్యలేదు. ఎవరు చెప్పారో పక్కన రాయించి, వీటిలో ఏది నిజమో ఎలా తేల్చాలని అడిగాను. ఆ రోజు బెల్ మోగినా ఎవరూ లేవలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు నన్ను "జీకేలో ఇరవైకి పద్దెనిమిదే ఎందుకు వచ్చాయి?" అని అడుగుతారు. మీ కష్టార్జితంతో ఫీజు కడుతున్నారు, అడిగే హక్కు మీకుంది. ఒలింపియాడ్ మెడల్స్ మీద నాకు వ్యతిరేకత కూడా లేదు. నా మనవి ఒక్కటే. 31 అన్న అంకె ఫోన్లో ఒక్క క్షణంలో దొరుకుతుంది. "ఏ నిజాం?" అన్న ప్రశ్న ఆ ఫోనుకు తట్టదు, మీ పిల్లవాడికే తట్టాలి. అది తట్టిన రోజున నాలాగా "సిలబస్‌లో లేదు" అనకండి. జవాబు తెలియకపోతే "నాకూ తెలియదు, కనుక్కుందాం" అనండి. తాతనో, అమ్మమ్మనో అడగమనండి. నాన్న గల్ఫ్‌లో ఉంటే రాత్రి వీడియో కాల్‌లో అడగమనండి. మన ఊరి పేరు గురించి మాట్లాడితే అంత దూరంలో ఉన్న ఆయనకూ బాగుంటుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు పిల్లల 'మా ఊరి పేరు' నోట్‌బుక్ కూడా మీ ముందు పెడతాను. మార్కులు చూసిన తర్వాత ఒక పది నిమిషాలు అది కూడా చదవండి. తప్పులుంటే దిద్దండి. అక్కడ లేని కథ మీకు తెలిస్తే మీ చేత్తోనే రాసి వెళ్ళండి.

— మీ పిల్లల సోషల్ టీచర్, బాన్సువాడ