ఇంటి వెనక సముద్రం

కొత్తపట్నం పేరు చెబితే చరిత్ర చదివినవాళ్లకు 1937 నాటి రాజకీయ పాఠశాల గుర్తొస్తుంది. ఒంగోలు కుర్రకారుకు ఆదివారం బీచి గుర్తొస్తుంది. ఆ ఊళ్లో పుట్టిన నాకు మాత్రం 2020 వేసవి గుర్తొస్తుంది.

ఆ ఏడు మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. హాస్టలు ఖాళీ చేసి, పెట్టె సర్దుకుని అంతకు ముందే ఇంటికొచ్చి పడ్డాను. మొదటి వారం ఫోను చూస్తూ, గోడలు చూస్తూ గడిచింది. ఆ తర్వాత గానీ ఇంటి వెనక సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం ఉన్నాయన్న సంగతి నా కంట పడలేదు. పుట్టినప్పట్నుంచీ ఉన్నవే!

చూడ్డం మొదలుపెట్టాక ఎన్నో కనిపించాయి. తెల్లారగట్ల తడి ఇసుక మీద ఎండ్రకాయలు గీసిన ముగ్గులు. గుడ్లు పెట్టి వెళ్లిన తాబేలు జాడ. మధ్యాహ్నం దాకా ఒళ్లు కాల్చే పడమటి గాలి, పొద్దు వాలే వేళకు సముద్రం మీంచి వీచి చల్లబడటం. నాన్న చెట్టు దింపించిన ముంజలు బొటనవేలితో తోడుకు తినడం. వీటికి టిక్కెట్టు లేదు, క్యూ లేదు. ఇంత దగ్గర్లో ఇంత సుఖం పెట్టుకుని ఎక్కడెక్కడో వెతుకుతున్నామే అనిపించింది.

ఈ మాటే ఒక సాయంత్రం, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో అన్నాను. ఆయన తలెత్తకుండానే, "బాగానే ఉంటది అబ్బయ్యా. చూస్తే పొట్ట నిండుద్దా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. మామూలుగానే ఏటా ఏప్రిల్ 15 నుంచి చేపల వేట నిషేధం. ఆ ఏడు అంతకు ముందే వేట, అమ్మకం రెండూ దెబ్బతిన్నాయి. ఇటు మెట్ట చేలల్లో మిరప కోతల కాలం. గుంటూరు మిర్చి యార్డు మూతపడింది. కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చిన కూలీలు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చిక్కుకుపోయారు. వాళ్ల మీదా అదే ఆకాశం, అదే గాలి. కానీ వాళ్ల కళ్లు ఇంటిదారి మీదే ఉన్నాయి.

అందుకే నాకనిపిస్తుంది: ప్రకృతి ఉచితమే గాని, దాన్ని చూసే తీరిక ఉచితం కాదు. నా సాయంత్రాల వెనక మా ఇంట్లో గాదెలో ఉన్న బియ్యం ఉంది. "లాక్‌డౌనే బాగుండేది" అని ఇప్పటికీ అనే మిత్రులు ఈ సంగతి మరవొద్దు.

అలాగని ఆ సంతోషం అబద్ధమనను. ఆ చూపు పోగొట్టుకోకూడదనే నా మనవి. ఒంగోలు నుంచి మా ఊరు ఇరవై కిలోమీటర్ల లోపే. రండి. కాసేపు ఫోను జేబులో పెట్టి ఇసుక మీద నడవండి. తెచ్చిన గ్లాసులు, సీసాలు తిరిగి మోసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఒడ్డునే, పడవ దిగిన చేపలు, బేరమాడకుండా కొనండి. చూసిన కళ్లకు అంతమాత్రం బాకీ ఉంటుంది.