తాడు అవతలి కొన



ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరమంతటా యంత్రపు పడవలు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టు కాలమని ప్రభుత్వము విధించిన విరామమిది. మైపాడు ఒడ్డున ఈ రెండు నెలలు వలలు బాగుచేసుకొను కాలము. పడవల చాటున, చెట్ల నీడన, ఇళ్ల ముందర వలలు పరచుకొని కూర్చుంటారు. ఈ యేడు మాకును రెండు చుట్టల తాడు, కొంత దారము అవసరమై నెల్లూరు వెళ్ళాము. సుమారు పాతిక కిలోమీటర్ల దూరము. బస్సు దిగి, చిన్ననాటి నుండి ఎరిగిన సందులోనికి తిన్నగా నడిచాము.

కొట్టు లేదు. దాని చోట సెల్‌ఫోను తొడుగులు అమ్మే అద్దాల దుకాణమున్నది. లోపలి కుర్రవాడు "ఏం కావాలి పెద్దాయనా?" అని మర్యాదగానే అడిగాడు. ఏమి చెప్పగలము? ఏమీ వద్దని తిరిగి వచ్చాము.

ఆ కొట్టును గూర్చి మా పిల్లలకు ఎన్నిమార్లు చెప్పామో లెక్కలేదు. 1960ల చివర మా నాయన వెంట మొదటిసారి వెళ్ళాము. గడప తొక్కగానే కొబ్బరిపీచు వాసన, తారు వాసన, నూలు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఒక మూల కొబ్బరిపీచు మోకులు, మరొక మూల జనపనార తాళ్లు, గోడకు నూలు దారపు కండెలు, గంపలలో బెండ్లు, సీసపు గుండ్లు, వల అల్లే సూదులు. కొట్టు యజమాని ముందు మజ్జిగ ఇచ్చి, ఆ తరువాతనే బేరము మాట్లాడేవాడు. ఎవరి తెప్ప వేటకు పోయింది, ఎవరి ఇంట బిడ్డ పుట్టింది, ఎవరు ఈ నెల కొట్టుకు రాలేదు, ఎందుకు రాలేదు, అన్నీ అడిగేవాడు. అప్పు పద్దులోని ప్రతి పేరు వెనుక ఉన్న మనిషిని ఆయన ఎరుగును.

ఒకసారి మా నాయన ఒక తాడు ఏరుకొన్నాడు. ఆయన దానిని రెండు చేతులతో గట్టిగా లాగి చూచి, పురి విప్పి చూచి, పక్కన పడవేశాడు. "ఇది వద్దు. లోపల తేమ పట్టింది. దీన్ని నమ్ముకొని నువ్వు సముద్రం మీదికి పోవాల. ఇంకోటి తీసుకో" అన్నాడు. ఆ తాడు అమ్ముడుపోక ఆయనకే నష్టము. అయినను అమ్మలేదు. అటువంటి కొట్టు మూతపడితే బాధ కలుగదా?

ఆ కాలపు సరంజామా ఒక్కడి వలన అయ్యేది కాదు. నూలు వల ఉప్పునీటికి త్వరగా కుళ్ళిపోవును. కనుక తుమ్మచెక్క వంటి చెక్కల కషాయములో దానిని నానబెట్టేవారు. పొయ్యి దగ్గర ఇద్దరు, వల తిరగవేయుటకు ఇద్దరు, ఆరవేయుటకు నలుగురు కావలెను. వేట నుండి వచ్చిన ప్రతిసారి వలను ఎండలో పరచవలెను. తెప్ప అంటే తేలిక దుంగలను తాళ్లతో కట్టినదే గదా. ఒడ్డుకు చేరగానే కట్లు విప్పి, దుంగలను భుజాల మీద మోసి ఆరబెట్టేవారము. అలివి వల సంగతి చెప్పనే అక్కరలేదు. తాడు ఒక కొన ఒడ్డున పట్టుకొంటే, పడవ వలను సముద్రములో చుట్టి రెండవ కొన తెచ్చేది. రెండు వరుసలుగా నిలిచి, కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి, ఒక్క కేకకు అందరము లాగవలెను. ఎవడైనా చేయి వదిలితే ఆ బరువు పక్కవాని మీద పడేది. పనిముట్లే మనుష్యులను ఒకచోట చేర్చేవి.

తరువాత నైలాను వచ్చినది. 1935లో అమెరికాలో కనుగొన్న ఈ దారము 1960ల తరువాత మెల్లమెల్లగా మన ఒడ్డు చేరినది. కుళ్ళదు, బరువు తక్కువ, కషాయము అక్కరలేదు. ఆపైన ఇంజన్లు, ఫైబరు పడవలు వచ్చాయి. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము, సునామీలో మన తీరమందు పడవలు, వలలు కొట్టుకుపోయిన తరువాత ఫైబరు పడవలు మరింత పెరిగాయి. పాత తెప్పలు అరుదైపోయాయి.

ఇవన్నీ చెడ్డవని మేము అనము. 1977 దివిసీమ ఉప్పెన నాడు ముందు హెచ్చరిక అందక వేలమంది ప్రాణాలు పోయాయి. నేడు తుపాను పుట్టిన దినముననే మన జేబులోని ఫోను చెప్పుచున్నది. పాత దినములు మంచివి, నేటివి చెడ్డవి అని అడుగుట జ్ఞానము కాదని ప్రసంగి 7:10 మనలను హెచ్చరించుచున్నది. తడిసిన నూలు వల మోసి భుజము కాయలు కాచినవారికి ఆ మాటలోని నిజము తెలియును.

అయినను మనస్సు వెనుకకు పోవును. ఇది మన జాలరి కుటుంబాలకు మాత్రమే ఉన్న సంగతి కాదు. పర్వతాలు ఎక్కేవారు కూడా తమ పాత తాళ్లను, బూట్లను, అవి కొన్న దుకాణాలను, తమతో ఎక్కిన స్నేహితులను ఇట్లే తలచుకొందురు. వారిది కూడా తాడు మీద ఆధారపడిన బ్రతుకే. ఒకే తాడును నడుములకు కట్టుకొని మంచుకొండ మీద నడుచుదురు. ఒకడు జారితే మిగిలినవారు పట్టి నిలుపవలెను. వారికిని పూర్వము నార తాళ్లే ఉండేవి. 1953లో ఎవరెస్టు శిఖరమును మొదట ఎక్కిన బృందము నాటికి నైలాను తాళ్లు వచ్చాయి. మన వలను మార్చిన దారమే వారి తాడును కూడా మార్చినది! 1954లో డార్జిలింగులో స్థాపించిన పర్వతారోహణ సంస్థ వారు పాతకాలపు సామగ్రిని మ్యూజియములో భద్రపరచారు. తాళ్లను, మంచుగొడ్డళ్లను అద్దాల వెనుక ఉంచవచ్చును. తోడు నడిచినవారిని ఉంచలేము గదా.

మన నెల్లూరు జిల్లా సంగం మండలపు బిడ్డ మల్లి మస్తాన్‌బాబును మీరు ఎరుగుదురు. 2006లో 172 రోజులలో ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను ఎక్కినవాడు. 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలలో ఒంటరిగా ఎక్కుచు మరణించాడు. ఆయన కనబడుట లేదని తెలియగానే స్నేహితులు ఊరకుండలేదు. వెదకించారు. ఆ ఏప్రిల్‌లో ఆయన దేహము స్వగ్రామము చేరినది. పేపరులో ఆ వార్త చదివినప్పుడు, "స్నేహితులంటే వారే" అని మేము ఇంట్లో అన్నాము. ఆ మాట అన్నవారమే మేము ఏమి చేశామో ఇప్పుడు చెప్పవలసి యున్నది.

నెల్లూరు నుండి ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, కొట్టు పోయినదని, ఆ కాలము పోయినదని, ఆ మనుష్యులు పోయారని అన్నము ముందు కూర్చుని వాపోవుచుంటిమి. మా యింటి ఆమె చాలాసేపు విని, "కొట్టు పోయింది సరే. మీ బావ ఉండాడు గదా! ఆయన్ని చూసి ఎన్నేళ్లయింది?" అన్నది.

అన్నము గొంతు దిగలేదు.

ఆయన, మేము ఒకే తెప్ప మీద వేటాడినవారము. తెప్ప తిరగబడిన ఒక తెల్లవారుజామున మా జుట్టు పట్టి పైకి లాగినవాడు ఆయనే. ఇద్దరమును కలిసి ఆ కొట్టులోనే అప్పు మీద ఒక నైలాను వల కొన్నాము. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన తుపానులో ఆ వల పోయినది. ఆ రాత్రి వలను ఒడ్డెక్కించవలసిన వంతు ఆయనది. ఆయన వల దగ్గరకు పోలేదు. నడవలేని ముసలివారిని వీపున మోసి బడి కట్టడమునకు చేర్చుచుండెను. అందులో మా తల్లి ఒకరు. ఇది మాకు తెలియును. తెలిసియు, అప్పు కట్టవలసి వచ్చినప్పుడు, "వల పోగొట్టింది నువ్వు, నువ్వే కట్టు" అన్నాము. ఆయన మారు పలుకలేదు. ఇంట్లో ఉన్న కొద్ది బంగారము అమ్మి మొత్తము కట్టివేశాడు. కొన్నాళ్లకు కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. అది దూరము కాదు. మా ఊరికి రెండు ఊళ్ల అవతల.

ముప్పై ఐదు సంవత్సరములు దాటినవి. పెళ్ళిళ్లలో, చావులలో ఎదురుపడితే తలవంచుకొని తప్పుకొన్నాము. నెలనెలా ప్రభువు బల్లలో చేయి వేశాము. అర్పణ తెచ్చిన చోట సహోదరునితో తగవు జ్ఞాపకము వస్తే, అర్పణను విడిచి ముందు వానితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన సంగతిని (మత్తయి 5:23, 24) సండేస్కూలు పిల్లలకు నేర్పించాము కూడా!

నూలు వల సముద్రములో పోతే కొన్నాళ్లకు కుళ్ళి మన్నైపోవును. నైలాను వల అట్లు కాదు. అడుగున ఎవరికీ కనబడక ఏండ్ల తరబడి చేపలను చంపుచునే యుండును. మనము నోటితో విసిరి మరచిపోయిన మాటలు కొన్ని ఆ నైలాను వల వంటివి.

మరునాడు ఉదయమే వెళ్ళాము. ఆయన వేపచెట్టు క్రింద కూర్చుని, వలను కాలి బొటనవ్రేలికి తగిలించుకొని అల్లుచున్నాడు. చూపు బాగా తగ్గినది. కన్నులతో కాదు, వ్రేళ్లతోనే కన్ను కన్ను లెక్కపెట్టుచున్నాడు. "బావా" అన్నాము. సూది ఆగినది. తల ఎత్తలేదు. కొంతసేపటికి, "వచ్చినావా? ఆ కొన పట్టుకో" అన్నాడు.

పట్టుకొన్నాము. ఆయన అల్లుచుండగా, మేము వలను బిగించి పట్టుకొని, చాలాసేపు మాటలేక కూర్చున్నాము. చివరకు, "ఆ రాత్రి మా అమ్మను మోసింది నువ్వేనని తెలిసే ఆ మాట అన్నా బావా. తప్పు నాదే" అని చెప్పుకొన్నాము. ఆయన దారము కొరికి ముడి వేసి, "వల సంగతి ఎప్పుడో మరిచిపోయినా. నువ్వు రాలేదనేదే మరవలేకపోయినా" అన్నాడు. తరువాత ఇద్దరమును పాత కొట్టును గూర్చి, మజ్జిగను గూర్చి, పోయినవారిని గూర్చి పొద్దు వాలువరకు మాట్లాడుకొన్నాము. ఆయన కట్టిన డబ్బులో మా సగము తీసికొనుమని అడిగితే ఒప్పలేదు. ఆయన మనుమరాలి కాలేజీ ఫీజుకు ఇచ్చి వచ్చాము. ఆలస్యముగా తీర్చిన బాకీ అది. ధర్మము కాదు.

ప్రియులారా, యోహాను సువార్త 21వ అధ్యాయము తీసి మీ ఇంటిలో చదువుడి. పేతురు పాత పడవను, పాత వలను, పాత స్నేహితులను వెదకికొని వేటకు పోయాడు. రాత్రంతయు ఏమియు పడలేదు. తెల్లవారగా ప్రభువు ఒడ్డున నిప్పులు, చేపలు, రొట్టె సిద్ధపరచి యున్నాడు. వెనుకకు పోయితివేమని గద్దింపలేదు. ముందు అన్నము పెట్టాడు. తరువాతనే, మూడు మార్లు తనను ఎరుగనన్న ఆ స్నేహితుని ప్రేమను గూర్చి మూడు మార్లు అడిగి, తెగిన చోటనే ముడి వేశాడు.

మరొక సంగతి. మత్తయి 4:21లో యాకోబు, యోహానులు తండ్రితో కూడ వలలు బాగుచేసుకొనుచున్నారని యున్నది. గలతీ 6:1లో తప్పిపోయిన సహోదరుని మంచి దారికి తెమ్మని పౌలు వ్రాశాడు. ఈ రెండు చోట్లను గ్రీకు మూలమందు ఒకే క్రియాపదము వాడబడినది. వల బాగుచేయుట, సహోదరుని బాగుచేయుట ఒక్క మాటే! చిరిగిన వలను మనమెవరమును సముద్రములో పారవేయము. కూర్చుని, ఓపికతో, కన్ను కన్ను కలుపుదుము. మనుష్యులను మాత్రము ఒక్క చిరుగుకే పారవేయుచున్నాము.

పాత కొట్టు ఇక తెరువబడదు. దానిని తలచుకొనుట పాపము కాదు. అయితే దానిని గూర్చి కథలు చెప్పుచు, అందులో మన పక్కన నిలిచి తాడు లాగి చూచిన మనిషిని మరచితే ఆ తలంపు వట్టిది. ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో ఒక ప్రశ్న వేసికొనుడి: మనతో ఒకే తాడు పట్టినవారిలో ఇంకను బ్రతికియున్నది ఎవరు? పొలములో కలిసి నాట్లు వేసినవారు కావచ్చును, ఒకే బడిలో చదివినవారు కావచ్చును, అన్నదమ్ములే కావచ్చును. బస్సు చార్జీకి అందే దూరములో ఉంటే వెళ్ళుడి. దూరమైతే ఫోను చేయుడి. చెప్పవలసిన తప్పు ఉంటే, అవతలివారి తప్పు కలపకుండ మీది మాత్రము చెప్పుడి. ఆలస్యము చేయకుడి. మా బావ కన్నులు మసకబారినవి గాని చెవులు వినుచున్నవి. ఇంకొక యేడు ఆగియుంటే ఏమగునో ఎవరికి తెలియును?

ప్రార్థన: గలిలయ ఒడ్డున నీ స్నేహితుల కొరకు నిప్పు రాజేసి కనిపెట్టిన ప్రభువా, మేము చేయి వదిలిన తాళ్లను మాకు చూపుము. సిగ్గు విడిచి మరల పట్టుకొను కృప దయచేయుము. ఆమేన్.