బ్రకోలీకి ఆవ పెడితే...

కాలీఫ్లవర్‌కి ఆకుపచ్చ రంగు పులిమినట్టుండే బ్రకోలీ మన కూరల సంచిలోకీ వచ్చేసింది. ఒంటికి మంచిదని విని, ధర కాస్త ఎక్కువైనా కొనేవాళ్లు చాలామందే. తీరా ఇంటికొచ్చాక ఏమవుతుంది? వారం రోజులు ఫ్రిజ్‌లో పడి పసుపెక్కుతుంది. లేదంటే కుక్కర్లో మూడు కూతలకి ముద్దవుతుంది. ఆ వాసనకి పిల్లలు ముక్కు మూసుకుంటారు. డబ్బూ దండగ, పోషకాలూ దండగ! నిజానికి బ్రకోలీతో పెద్ద పేచీ ఏమీ లేదు. దాని స్వభావం తెలిస్తే చాలు.

విచ్చుకోకముందే...

మనం తినేది విచ్చుకోని మొగ్గల గుత్తిని. అందుకే కొనేటప్పుడు మొగ్గలు బిగుతుగా, ముదురాకుపచ్చగా ఉన్నాయో లేదో చూడాలి. పసుపు రంగు కనిపించిందంటే అవి విచ్చుకోవడం మొదలైనట్టే. కోసిన తర్వాత కూడా ఈ మొగ్గలు వేగంగా శ్వాసిస్తూనే ఉంటాయి. బయట ఉంచితే ఒకట్రెండు రోజుల్లోనే వాడిపోతాయి. తెచ్చిన వెంటనే కడగకుండా, చిల్లులున్న కవర్లోనో, కొద్దిగా తడిపిన పల్చటి గుడ్డలోనో వదులుగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పండిన యాపిల్స్, అరటిపళ్ల పక్కన మాత్రం పెట్టొద్దు. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు మొగ్గల్ని తొందరగా పసుపెక్కిస్తుంది.

ఎక్కువ కొనేశారా? ముక్కల్ని మరిగే నీళ్లలో మూడు నిమిషాలుంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, తడి లేకుండా ఆరబెట్టి డీప్ ఫ్రీజర్లో దాచుకుంటే కొన్ని నెలలు నిల్వ ఉంటుంది.

ఇడ్లీ పాత్ర చాలు

వండే ముందు పువ్వుల్ని విడదీసి ఉప్పు నీళ్లలో పది నిమిషాలుంచితే సందుల్లో దాగిన పురుగులు బయటపడతాయి. తర్వాత మంచినీళ్లతో కడగాలి. కాడని పారేయక్కర్లేదు. పైన పీచు చెక్కేస్తే లోపల లేతగా, తియ్యగా ఉంటుంది.

వంద గ్రాముల పచ్చి బ్రకోలీలో సుమారు 89 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం వాటితోనే పోతుంది. కాబట్టి ఆవిరి మీద ఉడికించడమే మేలు. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక ముక్కలు పెట్టి, మూడు నాలుగు నిమిషాల్లో దింపేయాలి. పచ్చదనం మరింత మెరుస్తూ కనిపిస్తే సరిగ్గా ఉడికినట్టు. ఇంకా ఉంచితే రంగు మాడి, గంధకపు వాసన మొదలవుతుంది.

ఘాటులోనే గుట్టు

బ్రకోలీకి పేరు తెచ్చిన పదార్థం సల్ఫోరాఫేన్. ఇది శరీరంలోని రక్షక ఎంజైముల్ని ప్రేరేపిస్తుందని 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వెల్లడించారు. అలాగని అదేమీ జబ్బులు నయం చేసే మందు కాదు. తమాషా ఏంటంటే, ఇది పువ్వులో సిద్ధంగా ఉండదు. ముక్క కోసినప్పుడో, నమిలినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తేనే తయారవుతుంది. ఎక్కువ ఉడికిస్తే ఆ ఎంజైమ్ కాస్తా దెబ్బతింటుంది.

మరి ఉడికిన కూరకి దాన్ని తిరిగి అందించేదెలా? సమాధానం మన పోపులపెట్టెలోనే ఉంది. ఆవాలూ బ్రకోలీ కుటుంబానివే. నూరినప్పుడు వాటికి ఘాటు వచ్చేదీ ఈ ఎంజైమ్ వల్లే. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మందికి 200 గ్రాముల ఉడికించిన బ్రకోలీని, ఒకసారి మామూలుగానూ, మరోసారి ఒక గ్రాము ఆవపొడి కలిపీ పెట్టి చూశారు. ఆవపొడి కలిపినప్పుడు శరీరానికి అందిన సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగిందని 2018లో ప్రకటించారు. పనసపొట్టుకీ అరటికాయకీ ఆవ పెట్టే మనకి ఇదేమంత కష్టం? అయితే పోపులో చిటపటలాడిన ఆవాలకి ఈ గుణం ఉండదు. పచ్చి ఆవే కావాలి.

ఆవపెట్టిన బ్రకోలీ

పావుకిలో బ్రకోలీని పైన చెప్పినట్టు ఆవిరి మీద ఉడికించాలి. అర చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు కలిపి కొద్దిగా నీళ్లతో మెత్తగా నూరి పక్కన పెట్టుకోవాలి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి శెనగపప్పు, మినప్పప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి పసుపు, ఉప్పు, బ్రకోలీ ముక్కలు వేసి ఒక్క నిమిషం కలపాలి. దింపి, వేడి తగ్గాక ఆవముద్ద, నిమ్మరసం కలపాలి. నిమ్మరసం ముందే వేస్తే రంగు మారిపోతుంది. పిల్లలకైతే ఆవ సగానికి తగ్గించి, కాస్త కొబ్బరికోరు చల్లితే ఘాటు తెలియదు.

ఒక్క జాగ్రత్త. బ్రకోలీలో విటమిన్ కె ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవారు దీన్ని ఒకేసారి ఎక్కువగా మొదలుపెట్టకూడదు, తింటున్నవారు ఉన్నట్టుండి మానేయకూడదు. ఎంత తినాలో డాక్టర్‌ని అడిగి తెలుసుకోవాలి.