కాన్పు వైద్యం కూడా కార్మికుడి హక్కే!



"కాన్పు ఆడవాళ్ల సంగతి, దానితో యూనియన్‌కేం పని?" అని మనలోనే కొందరు అంటున్నారు. అలా అనే సోదరుణ్ణి ఒక్క మాట అడుగుదాం. భార్య కాన్పుకని సేటు దగ్గర తీసుకున్న బాకీ తీరిందా? అది తీరేదాకా ఆ సాంచా వదిలి వేరే కార్ఖానాకు పోగలవా? పోలేవు. మరి ఇది యూనియన్ సంగతి కాదా?

షోలాపూర్ అయినా, భివండీ అయినా మన వాడల్లో ఒంట్లో బాగాలేకపోతే మొదట పోయేది వీధి చివర డాక్టరు దగ్గరికే. తండ్రి తరం నుంచీ మన కుటుంబాన్ని ఎరిగినవారు. కానీ కోడలు నెల తప్పిందనగానే ప్రైవేటు నర్సింగ్‌హోముకు చీటీ రాసి చేతులు దులుపుకుంటారు.

అక్కడ జరిగేదేమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో నూటికి 47 ఆపరేషన్లే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 14. అవసరమైన ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది, కాదనం. కానీ ప్రైవేటు గడప దాటగానే ఆడవాళ్ల ఒళ్లు మారిపోతుందా? మారేది బిల్లు!

అదే సర్వేలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత. రక్తం 11 గ్రాములకు తగ్గిందా, బీపీ 140/90కి చేరిందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూడటానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు. వీధి డాక్టరు చూడగలరు. ముందే పట్టుకుంటే గుర్రపు వాతం దాకా రానివ్వకుండా ఆపవచ్చు. "మాకెందుకీ ప్రమాదం?" అంటారు డాక్టర్లు. అయ్యా, క్లినిక్‌లో కాన్పు చేయమనడం లేదు. నెలనెలా చూడండి, కార్డు మీద రాయండి, వేళకు ఆస్పత్రికి పంపండి అంటున్నాం.

డబ్బెవరిస్తారు? ఇప్పటికే ఇస్తున్నాం! పగారు 12,000 అయితే నెలకు మన నుంచి 90 రూపాయలు, యజమాని నుంచి 390 ఈఎస్ఐకి పోవాలి. ఆ సొమ్ములోంచే పానెల్ డాక్టరుకు తలకింత అని అందుతుంది. కార్మికుడి కార్డు మీద భార్య కాన్పు వైద్యమూ ఉంది. మహిళా కార్మికులకు మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల పగారుంది. 1948 నాటి ఈఎస్ఐ చట్టం 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. చట్టం పేరు మారింది, హక్కు పోలేదు.

పోగొడుతున్నది యజమానులు! పదిమంది కంటే తక్కువని చూపడానికి ఒకే షెడ్డును భార్య పేర, తమ్ముడి పేర చీలుస్తున్నారు. కాగితం మీద షెడ్డు చీలితే, ఇక్కడ మన ఇంటి బాలింతకు వైద్యం పోతోంది.

కార్డు లేనివారు కూడా వడ్డీకి పరుగెత్తవద్దు. 2011 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు, ఆపరేషన్, మందులు, రాకపోకల బండి ఉచితం. డబ్బడిగితే యూనియన్ ఆఫీసుకు రండి.

మన డిమాండ్లు:

1. ప్రతి పానెల్ డాక్టరు గర్భిణుల పరీక్షలు తప్పక చేయాలి. ఎందరిని చూశారో లెక్క చూపాలి.
2. చీలిన షెడ్లను ఒకటిగా లెక్కించి అందరికీ కార్డులివ్వాలి.
3. పరీక్షకు వెళ్లిన రోజు పగారు కోయరాదు.

బిడ్డ పుట్టడం పండుగ కావాలి, బాకీ కారాదు!

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!