బిల్డ్ టూల్ మార్చాలా వద్దా? మార్చాల్సిందే!

"నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం?" ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో బిల్డ్ టూల్ మారుద్దామని ఎవరన్నా అనగానే సీనియర్లు అనే మాట ఇదే. నడుస్తోంది సరే, ఎవరికి నడుస్తోంది బాబూ?

మన ఫోన్లలో తెలుగు ఒత్తుల్ని అక్షరం కింద సరిగ్గా కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ ఒకప్పుడు ఆటోటూల్స్‌తో కట్టేవాళ్ళు, ఇప్పుడు మెసాన్. మా నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు "క్ష్మి" దగ్గర ఏదో తేడా చూసి సరిచేద్దామనుకుంటే, విండోస్ లాప్‌టాప్‌లో కంపైలరు, పైథాన్, నింజా ఉంటే పనైపోతుంది. అదే ఇంకా ఆటోటూల్స్ మీదే ఉన్న లైబ్రరీ అయితే ముందు యూనిక్స్ షెల్ తెచ్చుకోవాలి, ఆనక ఎం4 మాక్రోలతో కుస్తీ. మధ్యాహ్నానికే మూసేసి కోటప్పకొండ తిరునాళ్ళకి పోతాడు. తప్పు వాడిదా?

2024లో ఎక్స్‌జెడ్ గొడవ గుర్తుందిగా? దొంగ కోడ్‌ని లోపలికి లాగిన ఎం4 ఫైలు గిట్‌లో లేదు, టార్‌బాల్‌లోనే ఉంది. ఆటోటూల్స్‌లో అలా ఉండటం మామూలే కదా, ఎవరూ చదవలేదు. దాన్ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండే పోస్ట్‌గ్రెస్‌లోకి మెసాన్ తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు! (అదే ఎక్స్‌జెడ్‌లో సీమేక్ ఫైల్లోనూ ఒక్క చుక్క పెట్టి శాండ్‌బాక్స్‌ని ఎగ్గొట్టారు లెండి. కొత్త టూల్ తాయెత్తేం కాదు.)

ఇక "రెండూ ఉంచుదాం" అనే రాజీ బాపతు. పోస్ట్‌గ్రెస్‌లో 2023 నాటి 16వ వెర్షన్ నుంచి మెసాన్, మేక్ రెండూ ఉన్నాయి; కొత్త ఫైలు చేర్చినవాడు రెండుచోట్లా రాయాలి. అయినా విజువల్ స్టూడియో కోసం విడిగా మోస్తున్న పెర్ల్ స్క్రిప్టుల్ని 2024లో వచ్చిన 17కి పీకేశారు. నేననేదీ అదే. పాతది ఏ వెర్షన్లో పోతుందో మార్పు మొదలెట్టే రోజే రాసిపెట్టండి.