లీజుకు పాత తేదీ, బస్తీకి ఆక్రమణ ముద్ర

జంషెడ్‌పూర్‌లో ఎన్నికల వేళ తప్పక వినిపించే మాట ‘మాలికానా హక్కు’. యాజమాన్యమని అర్థం: అనుభవించడం, అమ్మడం, పిల్లలకు రాసివ్వడం. లీజు అది కాదు. యజమాని వేరు, లీజుదారుకు దక్కేది గడువు వరకు అనుభవించే హక్కు మాత్రమే. ఇక్కడ యజమాని ప్రభుత్వం, లీజుదారు టాటా స్టీల్.

2005లో ఆ లీజును పునరుద్ధరించినప్పుడు 30 ఏళ్ల గడువును 1996 నుంచి లెక్కగట్టారు. న్యాయభాషలో దీని పేరు పూర్వకాల వర్తింపు. సంతకం నేటిది, చెల్లుబాటు నిన్నటిది. అందులో అక్రమమేమీ లేదు. కానీ లీజు నుంచి మినహాయించిన 86 బస్తీల వాసులకు గడిచిన కాలం హక్కుగా మారలేదు. ఓటరు కార్డున్నా వారు ‘ఆక్రమణదారులే’. అనుమతి లేకుండా భూమిలో ఉన్నవారని దాని భావం. నేతల నోట మాత్రం అది దొంగతనంలా ధ్వనిస్తుంది.

ప్రతికూల స్వాధీనమనే సూత్రం ఒకటుంది. యజమాని హక్కును కాదంటూ, బాహాటంగా, నిరాటంకంగా అనుభవిస్తే కొంతకాలానికి భూమి దక్కవచ్చు. ప్రైవేటు భూమికి 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. అయితే పట్టా ఇప్పించమని దరఖాస్తు పెట్టుకోవడమంటే ప్రభుత్వమే యజమానియని ఒప్పుకోవడం. ఆ కాగితమే రేపు కోర్టులో ఎదురు తిరుగుతుంది. దరఖాస్తులు పోగుచేసే నాయకుల్లో ఈ ముక్క చెప్పేవారు అరుదు.

ఇక ‘పారిశ్రామిక పట్టణం’. రాజ్యాంగం 243క్యూ అధికరణంలోని ఈ మినహాయింపు వర్తిస్తే ఎన్నికైన మునిసిపాలిటీ అక్కరలేదు. 2023లో జార్ఖండ్ మంత్రివర్గం ఆ దారినే ఎంచుకుంది. శాసనసభకు ఓటేసే బస్తీవాసికి మురుగుకాలువ పొంగితే నిలదీయడానికి వార్డు సభ్యుడుండడు.