నోట్లో పెట్టుకున్నా భయంలేని రంగు

పిల్లలూ! చంటివాడి చేతికి కర్రబొమ్మ ఇచ్చి చూడండి. వాడు ముందుగా ఆడడు, నోట్లో పెట్టుకుంటాడు! పళ్ళు వచ్చే రోజులైతే కసిగా కొరుకుతాడు. అందుచేత బొమ్మ రంగు కంటికి ఇంపుగా ఉంటే చాలదు, కడుపులోకి పోయినా కీడు చెయ్యకూడదు.

కొన్ని పెయింట్లలో మెరిసే పసుపుపచ్చ రంగు కోసం సీసం కలిసిన పదార్థాలు వాడతారు. సీసం విషం. పెచ్చులూడిన రంగు మింగితే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంతవరకు ఫరవాలేదు అనే మోతాదే సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో ఇళ్ళకు వేసే పెయింట్లలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళను మించి సీసం ఉండరాదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది.

అట్లా అయితే కర్రకు రంగే వద్దా? కాశ్మీరులో అక్రోటు కర్రను చెక్కేవారికి ఈ చిక్కు తక్కువ. ఆ కర్రకు పుట్టుకతోనే చక్కని గోధుమ వన్నె ఉన్నది. నున్నగా రుద్ది మైనంతో మెరుగు పెడితే చాలు. మన బొమ్మలు చేసే అంకుడు కర్ర తెల్లనిది. దానికి రంగు కావాలి.

ఆ రంగు వేసే తీరు ఏటికొప్పాకలో చూడాలి. మన కడియంలో రైలెక్కి తుని దాటిపోతే యలమంచిలి వస్తుంది. దానికి దగ్గరలో, వరాహనది ఒడ్డున ఉన్నది ఆ ఊరు. అక్కడివారు రంగును కుంచెతో పుయ్యరు; లక్కతో పట్టిస్తారు. లక్క అంటే చెట్టుకొమ్మల మీద చిన్న పురుగులు కట్టే జిగురు. దాన్ని వేడిచేసి, జీళ్ళపాకం లాగినట్టు లాగుతూ రంగు కలిపి కడ్డీలు చేస్తారు. లేతు యంత్రం మీద గిరగిర తిరిగే బొమ్మకు ఆ కడ్డీని ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో రుద్దితే బొమ్మ అద్దంలా మెరుస్తుంది!

మరి లక్కలో కలిపే రంగో? పసుపుకొమ్ము నుంచి పసుపుపచ్చ, నీలిమొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ వన్నె వస్తాయి. పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ. రసాయన రంగులకు బదులు ఇటువంటి మొక్కల రంగులను ఆ ఊళ్ళో మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అయితే ఒక మాట. ప్రకృతిలో దొరికేదల్లా మంచిదే అనుకోకండి. హరితాళం కూడా భూమిలో దొరికే పసుపుపచ్చ రంగే. కాని అందులో పాషాణం ఉన్నది! ఏ వస్తువు నుంచి వచ్చిందో తెలిసిన రంగునే నమ్మాలి.

మొక్కల రంగుకూ ఒక లోపం ఉన్నది. అదేమిటో మీరే కనిపెట్టండి. ఒక ఐసుపుల్లకు పసుపునీళ్ళు పట్టించి ఆరనివ్వండి. సగభాగానికి దళసరి కాగితం చుట్టి, నాలుగైదు రోజులు ఎండలో పెట్టండి. తరవాత కాగితం విప్పితే, ఎండ తగిలిన సగం వెలిసిపోయి కనబడుతుంది. పసుపులోని రంగును ఎండ విరగ్గొట్టింది! అందుకే ఇటువంటి బొమ్మలను ఎండలో వదలకూడదు. వేడినీళ్ళలోనూ కడగకూడదు, లక్క మెత్తబడుతుంది.

ఇప్పుడు ఇంట్లో తమ్ముడి బొమ్మలన్నీ ఒకసారి తిరగెయ్యండి. పెయింటు పెచ్చులూడినది కనిపిస్తే గోకవద్దు, ఆ పొడి కూడా ప్రమాదమే. దాన్ని అమ్మకు చూపించి, వాడికి అందకుండా తీసివెయ్యండి.